యూరాలజిస్టు ఏమేం చూస్తారు? నొప్పి లేదని ఊరుకున్నవాళ్ల కోసం

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: నాన్నగారికి 62 ఏళ్లు. ఈమధ్య ఒక పూట మూత్రం ఎర్రగా వచ్చింది. నొప్పి లేదు, మంట లేదు, మర్నాటికల్లా మామూలైపోయింది. ఫ్యామిలీ డాక్టరు యూరాలజిస్టుకు చూపించమన్నారు. నాన్నగారేమో "తగ్గిపోయిందిగా, ఇంకెందుకు" అంటున్నారు. పైగా యూరాలజిస్టంటే మగవాళ్ల లైంగిక సమస్యల డాక్టరనుకుని మొహమాటపడుతున్నారు. కిడ్నీ డాక్టరు సరిపోరా, అసలు యూరాలజిస్టు చూసేదేమిటి అని మీరడిగారు.

చాలా ఏళ్లుగా యూరాలజిస్టుగా నా పని ఇదే. ముందు నాన్నగారి సంగతి చెప్పి, తర్వాత మిగతావాటికి వస్తాను.

తీసుకెళ్లండి. ఈ వారంలోనే, యూరాలజిస్టు దగ్గరికే. కంటికి కనబడేలా రక్తం ఒక్కసారి వచ్చి ఆగిపోయినా పరీక్ష చేయించాల్సిందే. మూత్రాశయంలో గడ్డ ఉన్నా అది రోజూ రక్తం కార్చదు. ఒకరోజు కారి, తర్వాత వారాలో నెలలో ఊరుకుంటుంది. మనిషి మోసపోయేది ఆ ఊరుకున్న రోజుల్లోనే. అలాగని రక్తం పడిన ప్రతివాళ్లకీ క్యాన్సరేనని కాదు. ఇన్ఫెక్షన్ కావచ్చు, రాయి కావచ్చు, మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి పెరిగితే దాని మీద చిన్న రక్తనాళం చిట్లి ఉండవచ్చు. రాయికీ ఇన్ఫెక్షన్‌కూ సాధారణంగా నొప్పో మంటో తోడుంటుంది. అవేవీ లేకుండా ఒట్టి రక్తం వచ్చిందంటేనే మాకు అనుమానం ఎక్కువ. మా విభాగం మొత్తం మీద మనసులో పెట్టుకోవాల్సిన విషయం ఒకటుంది: నొప్పి ఎంత ఉందన్నదాన్ని బట్టి జబ్బు ఎంత పెద్దదో కొలవకూడదు. కింద రాసిన చాలా జబ్బుల్లో ఇది మీకే కనిపిస్తుంది.

నాన్నగారు పొగ తాగుతారా, ఎప్పుడైనా తాగి మానేశారా అన్నది డాక్టరుకు తప్పక చెప్పండి. మూత్రాశయ క్యాన్సర్లలో సుమారు సగానికి పొగే కారణం. పొగలోని రసాయనాలు ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి, రక్తం నుంచి కిడ్నీల ద్వారా మూత్రంలోకి చేరతాయి. మూత్రం గంటల తరబడి నిలిచి ఉండేది మూత్రాశయంలోనే, కాబట్టి ఆ విషం ఎక్కువసేపు తగిలేదీ దాని గోడకే. ఆయన చేసిన ఉద్యోగం కూడా చెప్పాలి. రంగుల ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లలో ఈ గడ్డలు కనబడుతున్నాయని జర్మన్ సర్జన్ లుడ్విగ్ రేన్ 1895లోనే గుర్తించాడు. రంగులు, రబ్బరు, తోలు పరిశ్రమల్లో పనిచేసినవాళ్లను ఈ ప్రశ్న ఇప్పటికీ అడుగుతాం. రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే "ఆ మాత్ర వల్లేలే" అని సరిపెట్టుకోకండి. మాత్ర రక్తాన్ని ఎక్కువ కారేలా చేస్తుందే కానీ, కారడానికి లోపల ఏదో ఒక చోటు ఉండాలి. చాలాసార్లు ఆ మాత్ర పుణ్యమాని దాగి ఉన్న గడ్డ ముందుగా బయటపడుతుంది కూడా. బీట్‌రూట్ తిన్నా, క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ వేసుకున్నా మూత్రం రంగు మారుతుంది. అది రక్తమా కాదా అన్నది మామూలు మూత్ర పరీక్షలోనే తేలిపోతుంది.

అక్కడ ఏం చేస్తారంటే, మూత్ర పరీక్ష, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే అంకె), అల్ట్రాసౌండ్ లేదా సీటీ, ఆ తర్వాత సిస్టోస్కోపీ. అందరూ భయపడేది ఈ చివరిదానికే, కాబట్టి దాన్ని కొంచెం దగ్గరగా చూపిస్తాను. మూత్రమార్గంలోకి మత్తు జెల్లీ ఎక్కించి కొన్ని నిమిషాలు ఆగుతారు. తర్వాత సుమారు 5 మిల్లీమీటర్ల మందం ఉండి, ఎటంటే అటు వంగే కెమెరా గొట్టాన్ని లోపలికి పంపుతారు. ప్రోస్టేట్ దాటేటప్పుడు ఒక్క క్షణం చురుక్కుమంటుంది. అప్పుడు గట్టిగా ఊపిరి తీసి వదలమంటాం, కాలి వేళ్లు కదపమంటాం. లోపలికి సెలైన్ పోయేకొద్దీ మూత్రం వస్తున్నట్టే ఉంటుంది. మామూలు మూత్రాశయం గోడ లేత గులాబీ రంగులో, మీద సన్నటి ఎర్రటి గీతల్లాంటి రక్తనాళాలతో నున్నగా ఉంటుంది. గడ్డ ఉంటే తరచుగా అది చెరువు అడుగున నాచు ఊగినట్టు ఆ నీళ్లలో ఊగుతూ కనబడుతుంది. మొత్తం పని కొద్ది నిమిషాలదే, అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. ఒకటి రెండు రోజులు మంట, కాస్త గులాబీ రంగు మూత్రం ఉంటాయి. "స్కాన్ నార్మల్ వచ్చింది కదా, ఇది కూడా కావాలా" అని అందరూ అడుగుతారు. కావాలి. చిన్న గడ్డలు, గోడకు అంటుకుని చదునుగా ఉండేవి అల్ట్రాసౌండ్‌కు దొరక్కపోవచ్చు.

ఒకవేళ గడ్డే ఉన్నా, ముందుగా పట్టుకుంటే చాలామందికి పొట్ట కోయకుండానే మూత్రమార్గం గుండా గీకి తీసేయవచ్చు. మళ్లీ మొలిచే స్వభావం ఉన్నవాటికి మూత్రాశయంలోకి బీసీజీ మందు ఎక్కిస్తారు. అవును, పసిపిల్లలకు క్షయ రాకుండా వేసే ఆ టీకాలోని సూక్ష్మజీవే. దాన్ని లోపల ఉంచితే శరీరపు రక్షణ కణాలు మూత్రాశయం గోడ మీదికి కదలి వస్తాయి. కెనడా డాక్టరు అల్వారో మోరాలెస్ 1976లో ఈ వైద్యం గురించి ప్రచురించారు. ఇన్నేళ్లయినా దాని చోటు పూర్తిగా ఇంకేదీ తీసుకోలేదు.

ఇక కిడ్నీ డాక్టరా, యూరాలజిస్టా అన్నది. నెఫ్రాలజిస్టు ఫిజీషియన్. కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, దాదాపు అంతా తిరిగి రక్తంలోకి పంపి, ఒకటిన్నర రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా వదులుతాయి. ఆ వడపోత దెబ్బతినడం నెఫ్రాలజిస్టు పరిధి: షుగర్, బీపీ వల్ల కిడ్నీ పాడవడం, మూత్రంలో ప్రొటీన్ పోవడం, క్రియాటినిన్ పెరగడం, డయాలసిస్. యూరాలజిస్టు సర్జన్. కిడ్నీలో తయారైన మూత్రం బయటికి వచ్చేదాకా ఉన్న దారి, ఆ దారిలో అడ్డం పడే రాళ్లు, గడ్డలు, బిగుసుకుపోయిన చోట్లు మా పని. ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా, పిల్లలకైనా ఇంతే. మగవాళ్లలో దీనికి ప్రోస్టేట్, వృషణాలు, అంగం కూడా కలుస్తాయి. కిడ్నీలో పుట్టే గడ్డలు తీసేదీ మేమే. ఇప్పుడు వాటిలో ఎక్కువ భాగం ఏ లక్షణమూ లేకుండా, వేరే దేనికోసమో చేసిన స్కాన్‌లో అనుకోకుండా కనబడుతున్నాయి. చిన్నవైతే కిడ్నీని ఉంచి గడ్డ మేరకే కోసి తీస్తాం. కిడ్నీ మార్పిడిలో ఇద్దరం కలుస్తాం: కొత్త కిడ్నీని కుట్టేది సర్జన్, దాన్ని శరీరం తిప్పికొట్టకుండా మందులతో కాపాడేది నెఫ్రాలజిస్టు. తప్పు డాక్టరు దగ్గరికి వెళ్తామేమోనని బెంగ పడనక్కర్లేదు, వాళ్లే రెండో వాళ్ల దగ్గరికి పంపుతారు. వెళ్లకపోతేనే నష్టం.

రాళ్ల గురించి కాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే అపోహలు ఎక్కువగా ఉన్నది ఇక్కడే. కిడ్నీలో కదలకుండా కూర్చున్న రాయి చాలాసార్లు నొప్పే పెట్టదు. అది కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్లే యూరెటర్ అనే సన్నటి గొట్టంలోకి జారినప్పుడు మనిషి మెలికలు తిరిగిపోతాడు. గీసుకుపోతున్నందుకు నొప్పి అనుకుంటారు కానీ, అసలు కారణం వెనక మూత్రం నిలిచి కిడ్నీ ఉబ్బడం. అందుకే ఆ సమయంలో "రాయి కొట్టుకుపోతుంది" అని బిందెలకొద్దీ నీళ్లు తాగించడం వల్ల ఒరిగేదేమీ లేదు, నొప్పి పెరగవచ్చు కూడా. 4 మిల్లీమీటర్ల లోపు రాళ్లు ఎక్కువ శాతం వాటంతట అవే పడిపోతాయి. 10 దాటితే ఆ ఆశ పెట్టుకోనక్కర్లేదు. మధ్యలో ఉన్నవాటికి రాయి ఉన్న చోటును బట్టి కొన్ని వారాలు ఆగి చూస్తాం.

అసలు ప్రమాదం ఇక్కడుంది. రాయి అడ్డం ఉండగానే నొప్పి ఆగిపోవచ్చు. కిడ్నీ పని నెమ్మదించి లోపలి ఒత్తిడి తగ్గితే బాధ తగ్గుతుంది. రాయి పడిపోయిందనుకుని జనం మళ్లీ స్కాన్‌కు రారు. నెలల తర్వాత వస్తే ఆ వైపు కిడ్నీ నీళ్ల సంచి అయిపోయి ఉంటుంది. నొప్పి తగ్గినా, రాయి కంటితో చూడకపోతే, స్కాన్ చేయించుకుని తీరాలి. వీలైతే మూత్రాన్ని పల్చటి గుడ్డలోనో జల్లెడలోనో వడకట్టి రాయిని పట్టుకోండి. దాన్ని పరీక్షకు పంపితే ఏ రకమో తెలుస్తుంది. ఎక్కువ భాగం క్యాల్షియం రాళ్లే. యూరిక్ యాసిడ్ రాయి అయితే మాత్రం, మూత్రంలో ఆమ్లం తగ్గించే మందుతో కరిగించవచ్చు. ఆపరేషనే అక్కర్లేకుండా పోయే అవకాశం ఉన్నది ఆ రకానికి.

రాయి నొప్పికి చలిజ్వరం తోడైతే మాత్రం రాత్రీ పగలూ అని చూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి. అడ్డుపడిన మూత్రంలో ఇన్ఫెక్షన్ చేరితే అది గంటల్లో రక్తానికి ఎక్కుతుంది. అప్పుడు రాయిని ముట్టుకోం. ముందు యూరెటర్‌లో స్టెంట్ అనే మెత్తటి గొట్టం వేసో, వీపు వైపు నుంచి కిడ్నీలోకి గొట్టం పెట్టో చీము మూత్రాన్ని బయటికి వదిలి, మనిషి కోలుకున్నాక రాయి పని చూస్తాం. "రాయి తియ్యకుండా గొట్టం పెట్టి పంపేశారు" అని బంధువులు కోప్పడుతుంటారు. ప్రాణం కాపాడింది ఆ గొట్టమే.

రాయి తీసే పద్ధతులు ఈ యాభై ఏళ్లలో పూర్తిగా మారిపోయాయి. వీపులో చిన్న రంధ్రం గుండా కిడ్నీ రాయిని తీయడం 1976లో స్వీడన్‌లో మొదలైంది, ఇప్పటికీ పెద్ద రాళ్లకు అదే మార్గం. శరీరం బయటి నుంచి షాక్ తరంగాలతో రాయిని పగలగొట్టడం 1980లో మ్యూనిక్‌లో మొదటిసారి మనిషికి చేశారు. ఆ యంత్రం తయారుచేసింది డార్నియర్ అనే విమానాల కంపెనీ అంటే చాలామంది నమ్మరు. ఇప్పుడు ఎక్కువగా చేసేది మూత్రమార్గం గుండా సన్నటి కెమెరా పంపి, లేజర్‌తో రాయిని పొడి చేయడం. దేన్ని ఎంచుకోవాలన్నది రాయి సైజు, చోటు, గట్టిదనం బట్టి ఉంటుంది. పక్కింటివాళ్లకు చేసిందే మీకూ చేయాలని పట్టుబట్టకండి.

లేజర్ తర్వాత తరచుగా లోపల డీజే స్టెంట్ పెడతాం. కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా ఉండే, రెండు చివరలా మెలికలు తిరిగిన మెత్తటి గొట్టం. అది ఉన్నన్నాళ్లూ మాటిమాటికీ మూత్రం రావడం, మూత్రం పోసేటప్పుడు నడుము పక్కన పట్టేసినట్టుండడం, నడిచినప్పుడు కాస్త రక్తం కనబడడం మామూలే. మామూలు కానిది ఒక్కటే: దాన్ని మర్చిపోవడం. ఇబ్బంది అలవాటైపోయి, లేదా ఇబ్బందే లేక, జనం నిజంగానే మర్చిపోతారు. నెలలు గడిచేకొద్దీ దాని మీదే రాళ్లు పేరుకుంటాయి. అప్పుడు పది నిమిషాల్లో బయటికి రావాల్సిన గొట్టానికి రెండు మూడు ఆపరేషన్లు అవసరమవుతాయి. డిశ్చార్జి కాగితం మీద "స్టెంట్ తీయాల్సిన తేదీ" అని రాసి ఉందో లేదో చూసుకోండి. లేకపోతే అక్కడే నిలబడి రాయించుకోండి, ఫోనులో అలారం పెట్టుకోండి.

మళ్లీ రాకుండా ఏం చేయాలి? రాయి వచ్చినవాళ్లలో చాలామందికి కొన్నేళ్లలో మళ్లీ వస్తుంది. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్లు తాగాలి. తాగిన నీళ్లు కాదు, వచ్చిన మూత్రం లెక్క. ఉప్పు తగ్గించాలి. క్యాల్షియం రాయి కదా అని పాలు, పెరుగు మానేయడం తప్పు. తిండిలోని క్యాల్షియం, రాయి కట్టే ఆక్సలేట్ అనే పదార్థాన్ని పేగులోనే పట్టేసి మలంలో పంపేస్తుంది. పాలు మానేస్తే ఆ ఆక్సలేట్ మూత్రంలోకి వచ్చి రాళ్లు పెరుగుతాయి.

ప్రోస్టేట్‌కి వద్దాం, నాన్నగారి వయసు కూడా అదే. యువకుల్లో ఇది సుమారు 20 గ్రాములుంటుంది. యాభై దాటాక దాదాపు సగం మందిలో, ఎనభై దాటాక ఎక్కువమందిలో పెరుగుదల ఉంటుంది. మూత్రం ధార సన్నబడడం, మొదలవడానికి నిలబడి ఎదురుచూడడం, అయిపోయాక చుక్కలు పడడం, రాత్రి మూడు నాలుగుసార్లు లేవడం దీని గుర్తులు. స్కాన్‌లో "60 గ్రాములు" అని రాస్తే గుండెలు బాదుకోనక్కర్లేదు. 60 గ్రాములతో హాయిగా ఉన్నవాళ్లున్నారు, 30 గ్రాములతో మూత్రం పూర్తిగా ఆగిపోయినవాళ్లున్నారు. మేం సైజుకు కాదు, బాధకూ అది తెచ్చే నష్టానికీ వైద్యం చేస్తాం. అందుకే ఏడు ప్రశ్నల కాగితం ఒకటి ఇస్తారు, మొత్తం 35కి. 7 దాకా స్వల్పం, 8 నుంచి 19 మధ్యస్థం, 20 నుంచి పైకి తీవ్రం. దాన్ని ఏదో ఫార్మాలిటీ అనుకోకండి, మందు పనిచేసిందో లేదో తర్వాత తేల్చేది ఆ అంకెలే.

మందుల విషయంలో రెండు సంగతులు రోగులకు తరచుగా ఎవరూ చెప్పరు. టామ్సులోసిన్ లాంటివి కొన్ని రోజుల్లోనే ధారను మెరుగుపరుస్తాయి. కానీ కంటిశుక్లం ఆపరేషన్ చేయించుకునేవాళ్లు ఈ మాత్ర వాడుతున్నట్టు, గతంలో వాడినట్టు కంటి డాక్టరుకు ముందే చెప్పాలి. దీనివల్ల ఆపరేషన్ మధ్యలో కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర వదులుగా కొట్టుకులాడి సర్జన్‌కు ఇబ్బంది పెడుతుంది. రెండోది, ప్రోస్టేట్‌ను కుదించే ఫినాస్టరైడ్, డ్యూటాస్టరైడ్. వీటి ఫలితానికి ఆరు నెలలు పడుతుంది. అవి వాడుతుంటే పీఎస్ఏ (ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానానికి చేసే రక్తపరీక్ష అంకె) సుమారు సగానికి పడిపోతుంది. రిపోర్టులో 3 ఉంటే దాన్ని 6గా చదవాలి. మందు సంగతి తెలియని డాక్టరు "నార్మల్" అనేస్తారు. జుట్టు రాలకుండా తక్కువ మోతాదు ఫినాస్టరైడ్ వాడేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

ఈ పెరుగుదల క్యాన్సర్‌గా మారదు. రెండూ వేరు వేరు జబ్బులు, ఒకే మనిషికి రెండూ ఉండవచ్చు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎక్కువగా గ్రంథి వెలుపలి అంచున, మూత్రమార్గానికి దూరంగా పుడుతుంది. అందుకే మొదట్లో మూత్రానికి ఏ ఇబ్బందీ ఉండదు, నొప్పి అసలే ఉండదు. నడుము ఎముకల్లో నొప్పితో వచ్చేసరికి అది పాకిపోయి ఉంటుంది. పీఎస్ఏ పెరగడానికి ఇన్ఫెక్షన్, మూత్రం ఆగిపోవడం, మామూలు పెరుగుదల కూడా కారణాలే కాబట్టి, ఒక్క అంకె చూసి బయాప్సీకి (ముక్క తీసి చూసే పరీక్షకు) పరుగెత్తరు. మళ్లీ చేస్తారు, ఎంఆర్ఐ తీస్తారు. నెమ్మది రకం క్యాన్సర్ అని తేలితే ఆపరేషన్ లేకుండా క్రమం తప్పక కనిపెట్టుకుని ఉండడమే సరైన వైద్యం కావచ్చు. "క్యాన్సరని చెప్పి ఏమీ చేయరా" అని మండిపడేవాళ్లకు నచ్చజెప్పడం ఆపరేషన్ కంటే కష్టం. పాకిన క్యాన్సర్‌కు కూడా మార్గముంది. మగ హార్మోన్‌ను అణిచేస్తే అది వెనక్కి తగ్గుతుందని చార్లెస్ హగ్గిన్స్ 1941లో చూపించాడు. ఆ యూరాలజిస్టుకు 1966లో నోబెల్ వచ్చింది.

ఇంకొక మోసకారి లక్షణం. ముసలాయన ఉన్నట్టుండి నిద్రలో పక్క తడపడం మొదలుపెడితే ఇంట్లోవాళ్లు వయసు మీద పడిందనుకుంటారు. చాలాసార్లు అది మూత్రాశయం నిండి పొర్లిపోవడం. మూత్రం హఠాత్తుగా ఆగిపోతే ప్రాణం పోతున్నంత బాధ ఉంటుంది, వెంటనే ఆసుపత్రికి వెళ్తారు. జలుబు మాత్ర వేసుకున్నాక ఇలా ఆగిపోవడం మేం తరచుగా చూస్తాం. నెలల తరబడి కొంచెం కొంచెంగా నిలిచిపోయేదానికి మాత్రం నొప్పే ఉండదు. పొత్తికడుపు ఉబ్బెత్తుగా ఉంటుంది, కాథెటర్ (మూత్రం బయటికి తీసే గొట్టం) వేస్తే లీటరు పైనే వస్తుంది, అప్పటికే క్రియాటినిన్ పెరిగి ఉంటుంది.

యువకుల సంగతి. వృషణంలో నొప్పి లేని గట్టి గడ్డ తగిలితే, వాపు కనబడితే, వెంటనే చూపించాలి. వృషణ క్యాన్సర్ ఎక్కువగా 15 నుంచి 35 ఏళ్ల వాళ్లకు వస్తుంది, చాలావరకు పూర్తిగా నయమవుతుంది. ఆలస్యానికి కారణం ఎప్పుడూ ఒకటే, సిగ్గు. అదే సిగ్గు వృషణం మెలితిరిగినప్పుడు ఇంకా ఖరీదైనది. పన్నెండు పదహారేళ్ల కుర్రాడికి అకస్మాత్తుగా నొప్పి, వాంతులు. కొందరు కుర్రాళ్లు చోటు చెప్పలేక "పొత్తికడుపు నొప్పి" అంటారు. సుమారు ఆరు గంటల్లోపు ఆపరేషన్ చేసి మెలిక విప్పితే వృషణం దక్కుతుంది, దాటేకొద్దీ ఆశ తగ్గిపోతుంది. మగపిల్లాడు కడుపునొప్పి అంటే లాగు విప్పి చూడండి, డాక్టరును కూడా చూడమనండి. పొద్దున చూద్దామని ఆగకండి.

చిన్నపిల్లల్లో ఇంకో మూడు. ఆరు నెలలు దాటినా వృషణం కిందికి దిగకపోతే చూపించాలి, ఏడాది ఏడాదిన్నర లోపు ఆపరేషన్ అయిపోవాలి. పసివాళ్లకు అంగం ముందరి చర్మం వెనక్కి రాకపోవడం మామూలే, బలవంతంగా లాగకండి. మూత్రం రంధ్రం కొనన కాకుండా కింది వైపు ఉంటే సున్తీ చేయించకండి, దాన్ని సరిచేసే ఆపరేషన్‌కు ఆ చర్మమే కావాలి.

సంతానం కోసం వచ్చేవాళ్లలో దాదాపు సగం జంటల్లో మగవాళ్ల వైపు కూడా లోపం ఉంటుంది. అయినా అమ్మాయికి పరీక్షలన్నీ అయిపోయి, అబ్బాయి వీర్య పరీక్షకు రావడానికి ఏడాది పడుతుంది. ఇది నాకు మింగుడుపడని విషయం. రెండు నుంచి ఏడు రోజులు ఆగి ఇచ్చే ఒక్క శాంపిల్‌తో చాలా సంగతి తెలుస్తుంది. వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి, ఏ మందు వాడినా మూడు నెలల తర్వాతే మళ్లీ పరీక్ష. జిమ్ములో ఎవరో చెప్పారని టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకునే కుర్రాళ్లకు ఒక మాట: బయటి నుంచి హార్మోన్ వస్తుంటే మెదడు వృషణాలకు పంపే సంకేతాలు ఆపేస్తుంది, వీర్యకణాలు సున్నాకు పడిపోతాయి. మగతనం కోసం తీసుకున్నదే పిల్లలు పుట్టకుండా చేస్తుంది.

నాన్నగారు అనుకుంటున్న లైంగిక సమస్యలూ చూస్తాం. అవి కూడా ఒట్టి మానసికమని కొట్టిపారేసేవి కావు. అంగానికి రక్తం తెచ్చే నాళాలు గుండె నాళాల కంటే సన్నవి, పూడిక వాటిలో ముందు తెలుస్తుంది. స్తంభన సమస్యతో వచ్చిన యాభై ఏళ్లాయనకు షుగర్, బీపీ, కొలెస్టరాల్ చూడకుండా మాత్ర రాసిస్తే అది సగం వైద్యమే. గుండెకు నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు సిల్డెనాఫిల్ రకం మాత్రలు వేసుకోకూడదు, బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

ఆడవాళ్లు మా దగ్గరికి రావడానికి ఇంకా ఎక్కువ సంకోచిస్తారు. దగ్గినా, తుమ్మినా, నవ్వినా మూత్రం పడిపోవడం ఒక రకం. బాత్రూముకు చేరేలోపే ఆగకపోవడం ఇంకో రకం. మొదటిది కటి కండరాల బలహీనత, వ్యాయామంతో చాలామందికి మెరుగవుతుంది, కాకపోతే చిన్న ఆపరేషన్. రెండోది మూత్రాశయం తనంతట తాను బిగుసుకోవడం, దానికి అలవాటు మార్పులు, మందులు. ఒకదానికి చేసే ఆపరేషనో ఇచ్చే మందో రెండోదానికి సాధారణంగా పనిచేయదు. పిల్లల్ని కన్నాక ఇది మామూలేలే అని ఏళ్ల తరబడి ప్యాడ్లతో నెట్టుకురావడం అనవసరం. ముట్లుడిగాక పదే పదే మూత్రం ఇన్ఫెక్షన్ వచ్చేవాళ్లకు యోనిలో రాసుకునే ఈస్ట్రోజన్ క్రీము చాలాసార్లు యాంటీబయాటిక్ కంటే మేలు చేస్తుంది. ప్రతిసారీ ఇన్ఫెక్షనని మందు వాడుతూ, మూత్రంలో సూక్ష్మజీవి నిజంగా ఉందో లేదో తేల్చే కల్చర్ పరీక్ష ఒక్కసారీ చేయించని ఆడవాళ్లలో కొందరికి తర్వాత మూత్రాశయ గడ్డ బయటపడడం కూడా ఉంది.

మొదటిసారి వెళ్లేటప్పుడు మూత్రం పోసేసి వెళ్లకండి. ఓ మోస్తరు నిండి ఉంటే ధార పరీక్ష, పోశాక లోపల ఎంత మిగిలిందో చూసే స్కాన్ అక్కడికక్కడే అయిపోతాయి. మరీ బిగపట్టుకుని వెళ్తే ఆ పరీక్ష తప్పుగా వస్తుంది. రాత్రిళ్లు లేవడమే బాధైతే, మూడు రోజులు ఒక కొలత గ్లాసు పెట్టుకుని ఏ వేళకు ఎంత మూత్రం వచ్చిందో, ఎంత నీళ్లు తాగారో కాగితం మీద రాసి తీసుకెళ్లండి. రాత్రి మూడుసార్లు లేచి ప్రతిసారీ గ్లాసు నిండా పోస్తున్నారంటే తప్పు ప్రోస్టేట్‌ది కాకపోవచ్చు. కాళ్ల వాపు, గుండె, షుగర్, గురకతో నిద్రలో ఊపిరి ఆగడం, వీటిలో ఏదో ఒకటి అయ్యుండవచ్చు. మగవాళ్లకు మలద్వారం గుండా వేలితో ప్రోస్టేట్ చూస్తారు, నిమిషం కూడా పట్టదు. పాత రిపోర్టులు, స్కాన్ ఫిల్ములు, వేసుకునే మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకెళ్లండి. రక్తం పల్చబడే మాత్ర ఏదైనా ఉంటే, పరీక్ష ఉందని మీ అంతట మీరు ఆపేయకండి. ఎప్పుడు ఆపాలో, అసలు ఆపాలో లేదో, అది రాసిన గుండె డాక్టరును అడిగి యూరాలజిస్టే చెబుతారు.